కుప్పలో చెయ్యి పెట్టి చూస్తే

(రంజాన్ పండుగ తర్వాత జరిగిన ఈద్ మిలాప్ సభలో ఒక విశ్రాంత కామర్సు అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అస్సలాము అలైకుం. పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, మా పిలుపు మన్నించి వచ్చిన హిందూ, క్రైస్తవ సోదరులకు నమస్కారం.

ఇస్లాం చెప్పిన నీతిని ఇవాళ్టి రాజకీయానికి, డబ్బు వ్యవహారాలకు, ఇంటికి ఎలా వర్తింపజేసుకోవాలో చెప్పమన్నారు. నేను ఆలిమ్‌ని కాను. మదర్సాలో చదవలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు జమాఖర్చులు నేర్పినవాణ్ణి. ఇది హలాల్, అది హరామ్ అని తీర్పులివ్వడం నా పని కాదు. చదివి, చూసి, నా ఇంట్లోనే ఎదురుదెబ్బ తిని గట్టిగా నమ్మిన ఒక్క మాట చెప్పి కూర్చుంటాను.

మదీనా బజారులో ఒకాయన ధాన్యం కుప్ప పోసుకుని కూర్చున్నాడు. దైవప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం అటుగా వెళ్తున్నారు. (ఇకమీదట ప్రవక్త అనే అంటాను, దరూద్ (ఆయనకు శాంతి కోరే ప్రార్థన) మీరు మనసులో చదువుకోండి.) ఆయన కుప్ప దగ్గర ఆగారు. ఏమీ అడగలేదు. చెయ్యి లోపలికి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. "ఏమిటయ్యా ఇది?" అన్నారు. "వాన పడిందండీ" అన్నాడతను. "మరి ఆ తడిసిందాన్ని పైన ఎందుకు పొయ్యలేదు, జనానికి కనపడేటట్టు? మోసం చేసేవాడు మావాడు కాడు."

ఈ హదీసు (ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనం) ముస్లిములలో చాలామందికి వచ్చు. నేను వందసార్లు విన్నాను. కానీ ఇందులో నన్ను పట్టుకున్నది చివరి మాట కంటే ముందు ఆయన చేసిన పని. ఆయన ఆ వ్యాపారిని నమాజు చదివావా అని అడగలేదు. ఏ తెగవాడివని అడగలేదు. చెయ్యి లోపల పెట్టారు. ఇంకొకటి చూడండి. వాన పడటం అతని తప్పు కాదు. తడిసిన ధాన్యం అమ్ముకోవద్దని కూడా ఆయన అనలేదు. పైన పోసి అమ్ముకో అన్నారు. కొనేవాడికి తెలియాల్సింది తెలియనివ్వు, అంతే.

మా నాన్న ఒక మార్కెట్ యార్డులో కాటా గుమస్తా. మాది దూదేకుల కుటుంబం, ఇంట్లో తెలుగే. తాత దూది ఏకేవాడు. మిల్లులొచ్చి ఆ పని పోయాక నాన్న యార్డులో చేరాడు. మిరపకాయల బస్తా మూతి విప్పితే పైన ఎర్రగా నిగనిగలాడే కాయ ఉంటుంది. మచ్చు అక్కడినుంచే తీసి చూపిస్తారు. మా నాన్న మోచేతి దాకా చెయ్యి దోపి నడిమధ్య నుంచి గుప్పెడు లాగేవాడు. తాలు కాయ వచ్చేది ఒకోసారి. ఒకోసారి కాయ మెత్తగా, చెమ్మగా వచ్చేది. బరువు కోసం నీళ్లు చల్లారన్నమాట. రాత్రి ఇంటికొచ్చేసరికి చెయ్యంతా మంట. అమ్మ వెన్న రాసేది. ఆ చేత్తో అన్నం కలుపుకోలేక చెంచాతో తినేవాడు. ఆ రోజుల్లో నాకు ఈ హదీసు తెలియదు. తర్వాత ఎప్పుడో చదివినప్పుడు ముందు గుర్తొచ్చింది ఆ వెన్న వాసన.

అయితే అదే యార్డులో మోసం రైతు వైపునుంచే ఉండేది కాదు. అసలు పెద్ద మోసం రెండో వైపు ఉండేది. ఖుర్ఆన్‌లో 83వ సూరా (అధ్యాయం) పేరే 'ముతఫ్ఫిఫీన్'. తూకంలో కోత పెట్టేవాళ్లు అని. మొదటి మాటే వాళ్లకు వినాశం అని. ఎవరు వాళ్లు? జనం దగ్గర కొలిచి తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుంటారు, జనానికి కొలిచి ఇచ్చేటప్పుడు తగ్గిస్తారు. ప్రవక్త మదీనా వచ్చిన కొత్తలో అక్కడి కొలతలు అధ్వానంగా ఉండేవనీ, ఈ మాటలు వచ్చాక జనం బాగుపడ్డారనీ ప్రవక్త సహచరుడు ఇబ్నె అబ్బాస్ చెప్పారు. ఇక్కడ కూర్చున్న రైతులకు నేను దీన్ని విప్పి చెప్పక్కర్లేదు. ధాన్యం మిల్లుకు తోలితే తేమ అంటారు, మట్టి అంటారు, నూక అంటారు. క్వింటాలుకు ఇన్ని కిలోలు తరుగు. కాటా మీద రాసిన అంకె ఒకటి, చీటీలో వేసే అంకె ఇంకొకటి. ఆ తరుగు తీసేవాడు శుక్రవారం మొదటి వరసలో నిలబడొచ్చు. గుడికి బంగారు తొడుగు చేయించొచ్చు. చర్చికి గంట కొనివ్వొచ్చు. ఆ సూరా అతనికి మినహాయింపు ఇవ్వలేదు.

బజారు గురించి ప్రవక్త పెట్టిన ఇంకో నియమం ఉంది. దాని మీద మన సభల్లో ఎందుకో పెద్దగా మాట్లాడరు. పల్లెలనుంచి, ఎడారినుంచి సరుకుతో బిడారు వస్తుంటే, అది ఊళ్లోకి రాకముందే దారిలో ఎదురెళ్లి కొనెయ్యొద్దన్నారు. ఎందుకు? వచ్చేవాడికి ఊళ్లో ధర తెలియదు. దారిలో వాడికి ఏ ధర చెబితే అదే ధర. ఒకవేళ అలా కొన్నా, సరుకు యజమాని బజారుకు వచ్చి ధర తెలుసుకున్నాక ఆ బేరం రద్దు చేసుకునే హక్కు అతనికి ఉందన్నారు. ఏడో శతాబ్దపు మాట ఇది. ఇవాళ కల్లంలోనే కొనేసే దళారిని తలుచుకోండి. ముందుగా అప్పిచ్చి, పంట మాకే వెయ్యాలని కట్టడి చేసే వ్యాపారిని తలుచుకోండి. అక్కడ జరిగేది బేరమని కాగితం మీద రాసుకోవచ్చు. కానీ ఒకడికి ధర తెలుసు, రెండోవాడికి తెలియదు. తెలియనివాడికి తెలిసేదాకా బేరాన్ని తెరిచి ఉంచారు ప్రవక్త. కామర్సు చెప్పినవాణ్ణిగా అంటున్నాను, వినియోగదారుల చట్టాలన్నిటికీ వెన్నెముక ఈ ఒక్క ఆలోచన. సరుకు దాచిపెట్టి ధర పెరిగాక అమ్మేవాణ్ణి పాపి అన్నారు ఆయన. అదీ ఈ కోవలోదే.

ఇక వడ్డీ. దీని దగ్గర కొంచెంసేపు ఆగాలి. తోటి ముస్లిములు నొచ్చుకునే మాటలు కూడా చెప్పాలి.

మన తెలుగులో ధర్మవడ్డీ అని ఒక మాట ఉంది. నూటికి రూపాయి, రూపాయిన్నర తీసుకుంటే ధర్మవడ్డీ. మూడు, అయిదు, పది తీసుకుంటే అధర్మం. చక్రవడ్డీ అయితే మరీ. మన పెద్దలు వడ్డీకి ఒక హద్దు ఉండాలని ఆ మాట పుట్టించారు. అందులో మంచితనం ఉంది. ఖుర్ఆన్ ఇంకా ముందుకెళ్లింది. వ్యాపారాన్ని అనుమతించింది, రిబాను, అంటే వడ్డీని, నిషేధించింది. రెట్టింపు మీద రెట్టింపుగా తినొద్దని ఒకచోట అంది. ఇంకోచోట, మానకపోతే అల్లాహ్‌తోనూ ఆయన ప్రవక్తతోనూ యుద్ధమే అంది. ఇంత కఠినమైన మాట ఇంకే లావాదేవీ మీదా నేను చూడలేదు. బ్యాంకు వడ్డీ కూడా అందులోకే వస్తుందని 1985లో ఇస్లామీ దేశాల ఫిఖ్ (ధర్మశాస్త్ర) అకాడమీ తీర్మానించింది. ఈజిప్టులో కొందరు పండితులు, అల్ అజ్హర్‌లో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లతో సహా, పొదుపు పత్రాల లాభం వేరు, ఆకలితో ఉన్నవాడి రక్తం పీల్చే వడ్డీ వేరు అన్నారు. మెజారిటీ ఉలమా (పండితులు) మొదటి మాటే అంటారు. ఎవరు ఏ మాట పట్టుకున్నా అందరూ ఒప్పుకునేది ఒకటుంది. అప్పు తీసుకున్నవాడి కష్టం అప్పిచ్చినవాడి లాభం కాకూడదు. చెల్లించలేని స్థితిలో ఉంటే వెసులుబాటు కలిగేదాకా గడువివ్వండి, వదిలేస్తే మీకు ఇంకా మేలు అని ఆ యుద్ధం మాట ఉన్న సూరాలోనే ఉంది.

2010 సంగతి మీకు గుర్తుండాలి. ఉమ్మడి రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ సంస్థలు వాడవాడలా ఆడవాళ్ల గ్రూపులకు అప్పులిచ్చాయి. వారం వారం వసూలు. ఒకామె కట్టకపోతే మిగతావాళ్లు ఆమె గుమ్మం ముందు కూర్చోవాలి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో సంస్థ దగ్గర అప్పు. పరువు పోయి ప్రాణాలు తీసుకున్న తల్లుల వార్తలు పేపర్లలో చదివాం. ఆ ఏడు అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి వసూళ్లకు కళ్లెం వేసింది. ఆ అప్పులు తీసుకున్న ఇళ్లలో హిందువులున్నారు, ముస్లిములున్నారు, క్రైస్తవులున్నారు. గడువివ్వండి అన్న ఆ ఒక్క వాక్యం ఆ వసూలు ఏజెంటుకు ఎవరైనా ముందే నేర్పి ఉంటే అని అప్పుడు అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఏజెంటుకు నేర్పి లాభం లేదు. వాడికి వారానికింత వసూలని లెక్క పెట్టినవాడికి నేర్పాలి.

ఇదే తరాజులో మావాళ్లనూ తూస్తాను. 1963లో ఈజిప్టులో మిత్ గమ్ర్ అనే చిన్న ఊళ్లో అహ్మద్ నజ్జార్ అనే ఆయన రైతులతో వడ్డీలేని పొదుపు బ్యాంకు పెట్టించాడు. పేదవాడి చిన్న డబ్బు పోగుచేసి, పేదవాడి చిన్న పనికి పెట్టుబడిగా ఇవ్వడం, లాభనష్టాలు పంచుకోవడం. అక్కడినుంచి ఇస్లామిక్ బ్యాంకింగ్ ఎదిగింది. 1975కల్లా జెద్దాలో ఇస్లామీ అభివృద్ధి బ్యాంకు, దుబాయిలో ఇస్లామిక్ బ్యాంకు వచ్చాయి. బాగుంది. కానీ ఇవాళ ఎక్కువ బ్యాంకులు చేసేది మురాబహా. కారు నేను కొని నీకు లాభం కలుపుకుని వాయిదాల మీద అమ్ముతాను అంటుంది బ్యాంకు. షరతులు పాటిస్తే ధర్మశాస్త్రం ఒప్పుకుంటుంది. కానీ కారును బ్యాంకు కళ్లతో చూడకుండా, దాని నష్టం ఒక్క నిమిషమైనా తన మీద వేసుకోకుండా, వడ్డీ రేటు చూసే లాభం రేటు కడితే? లాభనష్టాలు పంచుకుందాం అన్న మొదటి మాట ఎక్కడ పోయింది? కుప్ప పైన అరబీ పేరు పోసి అమ్మడం అవుతుంది. దీన్ని ముస్లిం ఆర్థికవేత్తలే విమర్శించారు, నేను కొత్తగా కనిపెట్టింది కాదు.

మన దేశంలో 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీలేని బ్యాంకింగ్‌కు చోటివ్వాలని సిఫారసు చేసింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ఆలోచన ముందుకు తీసుకెళ్లబోమంది. తలుపు మూసుకుంది. ఆ ఖాళీలో ఏం జరిగింది? హలాల్ లాభం అని, వడ్డీ కాదు భాగస్వామ్యం అని, నెలనెలా మనం కలలో చూడని శాతాలు ఇస్తామని గడ్డాలు, టోపీలు, ఖుర్ఆన్ వాక్యాలు అడ్డం పెట్టుకుని కొందరు మన జనం దగ్గర డబ్బు పట్టుకుపోయారు. కూతురి పెళ్లికి దాచిన బంగారం అమ్మి పెట్టిన తల్లి నాకు తెలుసు. రసీదు మీద పైన బిస్మిల్లా ఉంది. అది చూసే నమ్మాను మాస్టారూ, అంది. ప్రవక్త కుప్ప పైన చూసి నమ్మలేదమ్మా అని ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పాల్సింది ఆమెకు కాదు. జుమా రోజు మిమ్బర్ (మసీదు ప్రసంగ వేదిక) మీదనుంచి చెప్పాలి. ఎంత వ్యాపారం చేస్తున్నారు, లెక్కలు ఎవరు ఆడిట్ చేస్తున్నారు, నష్టం వస్తే ఎవరిది అని అడగడం అనుమానం కాదు, అది ధర్మం అని. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన వాక్యం దేని గురించో తెలుసా? నమాజు గురించి కాదు, హజ్ గురించి కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోండి, సాక్షుల్ని పెట్టుకోండి, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోకండి అని చెప్పే వాక్యం. మా కామర్సు డిపార్ట్‌మెంటు గోడ మీద పెట్టాల్సిన వాక్యం అది.

అప్పు తీసుకున్నవాడినీ ఇస్లాం వదల్లేదు. స్తోమత ఉండీ ఎగ్గొట్టేవాణ్ణి జాలిమ్ (అన్యాయం చేసేవాడు) అన్నారు ప్రవక్త. ఒకసారి ఒక జనాజా (శవయాత్ర) వచ్చింది. "ఇతని మీద అప్పుందా?" అన్నారు. రెండు దీనార్లుందన్నారు. "మీరే చదవండి నమాజు" అని పక్కకు తప్పుకున్నారు. అబూ ఖతాదా అనే సహచరుడు ముందుకొచ్చి ఆ రెండు దీనార్లు నాది పూచీ అన్నాక గానీ నిలబడలేదు. తర్వాతి రోజుల్లో ఖజానాలో డబ్బు చేరాక, అప్పుతో చనిపోయినవాడి అప్పు నేను తీరుస్తానన్నారు. ఆ రెండు ఘట్టాలూ కలిపి చదవాలి. అప్పు తీర్చడం మనిషి బాధ్యత. నిజంగా తీర్చలేకపోతే ప్రభుత్వ బాధ్యత.

రాజకీయం దగ్గరకు వస్తాను.

ప్రవక్త ఒకాయన్ని జకాత్ (తప్పనిసరి దానం) వసూలుకు పంపించారు. ఆయన తిరిగొచ్చి మూటలు విప్పాడు. "ఇది మీది. ఇది నాకు కానుకగా ఇచ్చారు" అన్నాడు. ప్రవక్త అతనితో ఒంటరిగా మాట్లాడి సరిపెట్టలేదు. మిమ్బర్ ఎక్కారు. "మేం పనికి పంపిన మనిషి వచ్చి ఇది మీది, ఇది నాది అంటాడు. వాళ్ల నాన్న ఇంట్లోనో అమ్మ ఇంట్లోనో కూర్చుని చూడాల్సింది, ఆ కానుక వస్తుందో రాదో!" అన్నారు. లంచం అంటే ఏమిటో ఇంతకంటే తేలికగా చెప్పిన మాట నాకు దొరకలేదు. ఆఫీసులో టేబుల్ కింద కవరు తీసుకునే మనిషి, దీపావళి పెట్టెలు, రంజాన్ ఇఫ్తార్ బుట్టలు అందుకునే మనిషి ఒక్కసారి ఈ ప్రశ్న వేసుకోవాలి. ఈ కుర్చీ లేకపోతే ఇది మా ఇంటికి వచ్చేదా?

ఇదే ప్రశ్న ఓటరుకూ ఉంది. పోలింగుకు ముందురోజు రాత్రి కవరు వస్తుంది. ఓటు లేకపోతే వచ్చేదా? మనం తీసుకుంటాం. వాళ్లు దోచుకున్నదే కదా అంటాం. ఓటు మన సాక్ష్యం. ఈ మనిషి ఈ పనికి తగినవాడు అని మనం సంతకం పెట్టడం. సాక్ష్యాన్ని దాచొద్దంది ఖుర్ఆన్. నీకైనా, నీ తల్లిదండ్రులకైనా, నీ వాళ్లకైనా వ్యతిరేకంగా ఉన్నా న్యాయం వైపే సాక్ష్యం చెప్పమంది. మరి మనవాడు కాబట్టి వేద్దాం, మన మతం కాబట్టి వేద్దాం అనేది ఏ ఖుర్ఆన్ ఆయత్‌లో ఉంది? ఒక జాతి మీద మీకున్న ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చెయ్యకూడదు, న్యాయం చెయ్యండి, అదే దైవభీతికి దగ్గర అని అయిదో సూరాలో ఉంది. నన్ను అవమానించినవాడి విషయంలో కూడా అబద్ధం ఫార్వర్డ్ చెయ్యకూడదని నాకు అందులోంచే తెలిసింది. మాకు అన్యాయం జరిగింది కాబట్టి మేం ఏం చేసినా న్యాయమే అనే దారి ముస్లింకు లేదు.

ప్రవక్త ఇంకా ప్రవక్త కాకముందు, యువకుడిగా ఉన్నప్పుడు, మక్కాలో యెమెన్ వ్యాపారి ఒకడి సరుకు తీసుకుని ఊరి పెద్దమనిషి డబ్బు ఎగ్గొట్టాడు. పరాయి ఊరివాడు, అండ లేనివాడు. అప్పుడు కొందరు అబ్దుల్లా ఇబ్న్ జుద్‌ఆన్ ఇంట్లో కూడి, మక్కాలో ఎవరికి అన్యాయం జరిగినా వాడి హక్కు వాడికి దక్కేదాకా వాడి వెంట ఉంటామని ఒట్టు వేసుకున్నారు. హిల్ఫుల్ ఫుజూల్ అంటారు దాన్ని. వాళ్లెవరూ అప్పటికి ముస్లిములు కారు. ప్రవక్త ఏళ్ల తర్వాత, ఇస్లాం వచ్చాక కూడా, అలాంటి ఒప్పందానికి ఇప్పుడు పిలిచినా వెళ్తానన్నారు. ముస్లిమేతరులతో కలిసి నీటి కోసం, బడి కోసం, ధాన్యం ధర కోసం నిలబడితే మన ఈమాన్ (విశ్వాసం) పలచనవుతుందేమో అని భయపడే కుర్రాళ్లకు ఈ ఒక్క సంగతి చాలు.

పాలకుడి జీతం మాటకొస్తే, ప్రవక్త తర్వాత అబూబకర్ సిద్దీఖ్ ఖలీఫా (పాలకుడు) అయిన మర్నాడు పొద్దున బట్టల మూట భుజాన వేసుకుని బజారుకు బయల్దేరారు. ఆయన బట్టల వ్యాపారి. ఉమర్, అబూ ఉబైదా ఎదురుపడి ఎక్కడికన్నారు. మరి నా పిల్లల్ని ఏం పెట్టి పోషించను అన్నారాయన. అప్పుడు బైతుల్ మాల్ (ప్రజల ఖజానా) నుంచి ఆయన ఇంటి ఖర్చుకు ఇంత అని నిర్ణయించారు. ఆయన మొదటి ప్రసంగంలో నేను మీలో ఉత్తముణ్ణి కాను, మంచి చేస్తే సాయపడండి, తప్పు చేస్తే సరిదిద్దండి అన్నారు. వినడానికి హాయిగా ఉంటుంది. సరిదిద్దే జనం లేకపోతే ఆ మాట గాల్లో కలిసిపోతుంది.

మనం సరిదిద్దుతున్నామా? వక్ఫ్ చట్టం గురించి ఆవేశంగా మాట్లాడతాం, మాట్లాడాలి కూడా. కానీ 2006లో ముస్లిముల స్థితిగతులపై సచార్ కమిటీ ఇచ్చిన లెక్క చూడండి. దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు నాలుగు లక్షల తొంభై వేలు. వాటి మీద ఏడాదికి వస్తున్నది 163 కోట్లు. సరిగా నడిపితే 12,000 కోట్లు రావచ్చని అంచనా వేసింది. ఆ తేడా అంతా బయటివాళ్లే తిన్నారా? మసీదు మల్గీలో (దుకాణంలో) పాత అద్దెకు కూర్చుని, దాన్ని ఇంకొకడికి పదింతలకు ఇచ్చుకున్నది మనవాళ్లు కారా? ముతవల్లీని (వక్ఫ్ నిర్వాహకుణ్ణి) లెక్క చూపించమని అడిగితే ఫిత్నా (కలహం) పుట్టిస్తున్నావంటారు. అనాథ పిల్ల ఫీజు డబ్బు అది. ఎవరో ఒక పుణ్యాత్ముడు అసలు అలాగే ఉంచి ఫలం పేదలకివ్వమని రాసిపోయినది.

గల్ఫ్ గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల పిల్లలు వేలమంది అక్కడ ఎండలో ఉన్నారు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇచ్చెయ్యమన్న ప్రవక్త మాట ఆ నేల మీదే పుట్టింది. పని చేయించుకుని కూలి ఇవ్వనివాడికి తీర్పు దినాన ఎదురు వాదిని నేనే అని అల్లాహ్ అన్నట్టు హదీసు ఉంది. ఆ నేల మీదే మన పిల్లల పాస్‌పోర్టులు కఫీల్ (యజమాని) బీరువాలో ఉంటాయి, ఆరేసి నెలల జీతం ఆగిపోతుంది. ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకుండా పని మారే వీలు కల్పించింది. సౌదీ 2021లో కొంత సడలించింది. మంచిదే. కానీ అవి ముస్లిం దేశాలు కాబట్టి విమర్శించొద్దని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ముస్లిం దేశాలు కాబట్టే ఎక్కువ విమర్శించాలి.

ఇప్పటిదాకా మిల్లు యజమానిని అన్నాను, బ్యాంకును అన్నాను, నాయకుణ్ణి అన్నాను. ఇక మన ఇంట్లో కుప్ప.

హజ్జతుల్ విదాలో, అంటే ప్రవక్త చివరి హజ్ యాత్రలో, 632లో, అరఫాత్ మైదానంలో ప్రవక్త వడ్డీ బాకీలన్నీ రద్దు చేశారు. అక్కడ ఆయన ఎంచుకున్న వరస చూడండి. "మొట్టమొదట నేను రద్దు చేస్తున్నది మా అబ్బాస్ ఇబ్న్ అబ్దుల్ ముత్తలిబ్‌కు రావలసిన వడ్డీ" అన్నారు. సొంత బాబాయి. చట్టం బాబాయి ఇంటి గుమ్మం దగ్గర మొదలైంది.

మనం ఎక్కడ మొదలుపెడుతున్నాం? హైదరాబాదులో జోడే కీ రఖం అంటారు. మా వైపు కట్నమనే అంటాం. ఇస్లాంలో పెళ్లికొడుకే పెళ్లికూతురికి మహర్ అనే సొమ్ము ఇవ్వాలి. మనం మహర్ పదకొండువేలని నిఖానామాలో రాసి, అదీ తర్వాత ఇస్తానని రాసి, అవతలి చేత్తో పది లక్షలు, బండి, ఫంక్షన్ హాలు ఖర్చు తీసుకుంటున్నాం. వడ్డీ తినని మావాడికి అమ్మాయి తండ్రి వడ్డీకి తెచ్చిన డబ్బు ఎలా హలాల్ అయింది? ఖాజీ సాబ్ కూడా తెలిసీ దువా చేసి వెళ్లిపోతారు.

ఆడపిల్ల వాటా సంగతి మా ఇంటిదే చెబుతాను. ఉహుద్ యుద్ధంలో సాద్ ఇబ్న్ రబీ అమరుడయ్యాడు. అన్న ఆస్తి మొత్తం తమ్ముడు తీసుకున్నాడు. సాద్ భార్య ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని ప్రవక్త దగ్గరకొచ్చింది. డబ్బు లేకుండా వీళ్ల పెళ్లెవరు చేసుకుంటారు అంది. వారసత్వ ఆయత్ దిగింది. ప్రవక్త ఆ తమ్ముణ్ణి పిలిపించి, మూడింట రెండు వంతులు ఆడపిల్లలకు, ఎనిమిదో వంతు తల్లికి ఇచ్చి మిగిలింది నువ్వు తీసుకో అన్నారు.

మా తాత 1974లో పోయాడు. అప్పటికే నాయనమ్మ లేదు. మూడెకరాలు. మా నాన్న, మా మేనత్త, ఇద్దరే పిల్లలు. లెక్క ప్రకారం నాన్నకు రెండు, అత్తకు ఒకటి. నాన్న బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసిన మనిషి అని చెప్పాను కదా. ఆయన ఆ ఎకరం అత్తకు ఇవ్వలేదు. చెడ్డవాడు కాడు. పండగకు చీర పెట్టేవాడు, కాన్పులు మా ఇంట్లోనే చేశాడు. అత్త అడగలేదు. అడిగితే పుట్టిల్లు పోతుందని ఆడవాళ్లందరికీ తెలిసినట్టే ఆమెకూ తెలుసు. నాన్న పోయాక ఆ మూడెకరాలు నాకూ మా తమ్ముడికీ వచ్చాయి. నేను తరగతిలో వారసత్వ భాగాలు బోర్డు మీద వేసి చెప్పిన రోజులున్నాయి. ఇంటికొచ్చి అత్త ఎకరం మీద కౌలు డబ్బు తీసుకునేవాణ్ణి.

ప్రవక్త ఒకసారి సహచరుల్ని "ఐపీ పెట్టినవాడెవరో తెలుసా మీకు?" అన్నట్టుగా అడిగారు. డబ్బూ సరుకూ లేనివాడన్నారు వాళ్లు. కాదు, నమాజులు, రోజాలు, జకాత్ అన్నీ మూట కట్టుకుని తీర్పు దినాన వస్తాడు, కానీ ఒకడిని తిట్టాడు, ఒకడి సొమ్ము తిన్నాడు, ఒకడిని కొట్టాడు. ఆ పుణ్యమంతా తలా కొంత వాళ్లకు పంచేస్తారు. అది అయిపోతే వాళ్ల పాపాలు ఇతని మీద వేస్తారు. వాడండీ అసలు దివాలా తీసినవాడు. ఒక రంజాన్‌లో తరావీహ్ (రాత్రి నమాజు) తర్వాత మా మసీదులో మౌల్వీ సాబ్ ఇది చెబుతుంటే నాకు కాళ్లు చల్లబడ్డాయి. అల్లాహ్ తన హక్కును క్షమించొచ్చు, మనిషి హక్కును ఆ మనిషే క్షమించాలి అన్నారాయన. బయటికొచ్చాక అడిగాను. "మా అత్త మాఫ్ చేశానంటే సరిపోతుందా?" ఆయన నా మొహం చూసి, "వాటా ఆమె చేతిలో పెట్టాక అడగండి మాస్టారూ. చేతిలో లేనప్పుడు చెప్పే మాఫ్‌కు అర్థం లేదు" అన్నారు.

2016లో, అంటే నలభై రెండేళ్లకు, అత్త పేరు మీద ఎకరం రిజిస్ట్రేషన్ చేయించాం. తమ్ముడు ముందు ఒప్పుకోలేదు. వాడి సంగతి వాడిది, వాడు చివరికి వచ్చాడు. అత్తకు అప్పటికి డెబ్బై దాటింది. వేలిముద్ర వేసేటప్పుడు గుమస్తా బొటనవేలు పట్టుకుని సిరా ప్యాడ్ మీద అదిమితే, ఆ సిరా తుడుచుకోకుండా అలాగే పట్టుకుని కూర్చుంది. నేను దగ్గరకెళ్లి, "అత్తా, ఇన్నేళ్ల కౌలు లెక్క కూడా కట్టాను, విడతలుగా ఇస్తాను" అన్నాను. కాగితం చూపించాను. చదువురాదు ఆమెకు. తిప్పి చూసి మళ్లీ నా చేతిలో పెట్టింది. మాఫ్ అనలేదు, వద్దు అనలేదు. "పైకాలవ నీళ్లు మన గట్టు దాకా వస్తాయా అబ్బాయ్?" అంది.

వస్తాయన్నాను. ఆ ఏడు మినుము వేయించింది.